పరదేశపు చదువులు – దొరికిన ఆప్తులు

చదువు కోసం ఊరు విడిచి వెళ్లడం మనకు కొత్త కాదు. ఫలానా ఊళ్లో ఫలానా ఉస్తాదు ఉన్నాడని విని, రోజుల తరబడి నడిచి వెళ్లి, మసీదు పక్క గదిలో పడుకుని, ఆ ఊరివాళ్లు పెట్టింది తిని చదువుకున్న వాళ్ల కథలు మన ముసలివాళ్ల నోట ఎన్నో విన్నాం. ఆ కాలంలో దారి ఎంత కష్టమైనా చేరిన చోట ఒక ఏర్పాటుండేది. చదువుకునే పిల్లవాడు ఎవరి బిడ్డయినా ఊరందరి బిడ్డ అనే లెక్క.

రైళ్లూ ఓడలూ వచ్చాయి. యూనివర్సిటీలు వచ్చాయి. పెద్ద చదువు పరాయి భాషలో, పరాయి దేశంలో దొరకడం మొదలయ్యింది. చదువు దూరం పోయింది గాని పాత ఏర్పాటు దాని వెంట పోలేదు. ఫీజుకు డబ్బిచ్చే ప్రభుత్వం ఉండొచ్చు, స్కాలర్‌షిప్పు ఉండొచ్చు, పొలం అమ్మి పంపే తండ్రి ఉండొచ్చు. కాని పండగ నాడు ఎవరింట కూర్చుని నాలుగు ముద్దలు తినాలి, జ్వరం వస్తే తల మీద చెయ్యి వేసేదెవరు అన్న ప్రశ్నలకు ఏ ప్రాస్పెక్టసులోనూ జవాబు ఉండదు.

ఆ జవాబును తమంతట తాము వెతుక్కున్న కొందరి చరిత్రను ఈ సావనీరు పాఠకుల ముందు పెట్టదలచాం. వీరిలో చాలామందికి మన హైదరాబాదుతో పుట్టుక సంబంధమో పోషణ సంబంధమో ఉంది. గొప్పవారి జీవిత చరిత్రలు చెప్పడం మా ఉద్దేశం కాదు. మన పిల్లలు ఏటేటా పెట్టె సర్దుకుని బయలుదేరుతున్న ఈ రోజుల్లో, ఇల్లు వదిలిన బిడ్డ మనకు మిగులుతాడా, వాడికి మనం మిగులుతామా అనే భయం ప్రతి తల్లికీ తండ్రికీ ఉంది. ఆ భయానికి చరిత్ర ఏం చెబుతుందో చూద్దామనే ఈ ప్రయత్నం.

అలీగఢ్ హాస్టళ్లలో

ఉత్తరాదిన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో బడిగా మొదలుపెట్టి, 1877లో కాలేజీకి పునాది వేయించిన అలీగఢ్ సంస్థను ముందు చెప్పుకోవాలి. ఆయన తరగతి గదుల మీద ఎంత శ్రద్ధ పెట్టారో హాస్టళ్ల మీద కూడా అంతే పెట్టారు. రకరకాల రాష్ట్రాల కుర్రాళ్లు ఒకే వరండాలో నిద్ర లేచి, ఒకే చోట భోజనం చేసి, ఒకే మైదానంలో క్రికెట్ ఆడితే తప్ప వాళ్ల మధ్య బంధం పడదని ఆయన నమ్మకం. హైదరాబాదు సంస్థానం కూడా ఈ కాలేజీకి డబ్బు సాయం చేసింది. మన వైపు కుటుంబాల పిల్లలు అక్కడికి వెళ్లి చదివేవారు.

అక్కడ 1890లో విద్యార్థులే ఒక సంఘం పెట్టుకున్నారు. దాని పేరు అంజుమన్-ఉల్-ఫర్జ్, అంటే కర్తవ్య సంఘం. ఫీజు కట్టలేని తోటి విద్యార్థుల కోసం సెలవుల్లో ఊరూరా తిరిగి చందాలు పోగుచేయడం దాని పని. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. సాయం పెద్దల దగ్గర్నుంచి కిందికి రావాలని వాళ్లు ఎదురుచూడలేదు. పక్క గదివాడు చదువు మానేసి వెళ్లిపోతే అది తమకే నామోషీ అనుకున్నారు. ఊరికి దూరంగా ఉన్న కుర్రాళ్లు ఒకరికొకరు పెద్ద దిక్కు కావడం మనకు అక్కడ కనిపిస్తుంది.

సముద్రం దాటినవారు

హైదరాబాదు నుంచి సముద్రం దాటిన చదువుల కథ కూడా అప్పటికే మొదలయ్యింది. నిజాం కాలేజీకి తొలి ప్రిన్సిపాలుగా పనిచేసిన అఘోరనాథ్ చట్టోపాధ్యాయ ఎడిన్‌బరోలో సైన్సు డాక్టరేటు తీసుకుని వచ్చినవారు. ఆయన కూతురు సరోజిని 1895లో, పదహారేళ్ల వయసులో, నిజాం ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద ఇంగ్లండు వెళ్లి లండన్ కింగ్స్ కాలేజీలోనూ కేంబ్రిడ్జి గర్టన్ కాలేజీలోనూ చదివారు. ఆవిడే మనందరికీ తెలిసిన సరోజినీ నాయుడు. పదహారేళ్ల ఆడపిల్లను సముద్రాల అవతలికి పంపడం అంటే ఆ రోజుల్లో ఎంత మాటో పాఠకులే ఊహించుకోవచ్చు.

అలా వెళ్లినవాళ్లలో ముస్లిం విద్యార్థులకు లండన్ నుంచి రైల్లో వెళ్లి రాగలిగినంత దూరంలో వోకింగ్ అనే ఊళ్లో 1889లో ఒక మసీదు వెలిసింది. భోపాల్ బేగం షాజహాన్ ఇచ్చిన డబ్బుతో కట్టినది కనుక దానికి ఆమె పేరే పెట్టారు. ఆ మసీదు పక్కనే హైదరాబాదు ప్రధాని సర్ సాలార్‌జంగ్ స్మారకంగా కట్టిన ఇల్లు ఒకటుంది. కట్టించిన దొర 1899లో చనిపోయాక మసీదు చాలాకాలం మూతబడింది. 1913లో మళ్లీ తెరిచాక పండగ నమాజుకు అక్కడ రకరకాల దేశాలవాళ్లు కలుసుకునేవారు. చదువుకునే కుర్రాళ్లకు నమాజు ఎంత ముఖ్యమో, నమాజు అయ్యాక పచ్చిక మీద కూర్చుని తమ ఊరి రుచుల గురించి మాట్లాడుకోవడమూ అంతే ముఖ్యం. గోడలు కట్టడం మాత్రమే సరిపోదు, తలుపు తెరిచి ఉంచే మనిషి కావాలని వోకింగ్ చరిత్ర నేర్పుతుంది.

బెర్లిన్ నగరంలో ముగ్గురు మిత్రులు

ఇక మన అసలు కథకు వస్తాం. డాక్టర్ జాకిర్ హుస్సేన్ గారు 1897 ఫిబ్రవరి 8న హైదరాబాదులో పుట్టారు. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ ఉత్తరాదిలోని ఖాయంగంజ్ నుంచి వచ్చి ఇక్కడ వకీలుగా స్థిరపడ్డారు. 1907లో ఆయన చనిపోగా కుటుంబం ఖాయంగంజ్ వెళ్లిపోయింది. 1911లో తల్లి ప్లేగు వ్యాధికి బలయ్యేనాటికి ఈ పిల్లవాడు ఇంట్లో లేడు, ఎటావా పట్టణంలో బడి హాస్టల్లో ఉన్నాడు. పద్నాలుగేళ్లకే తండ్రీ లేక, తల్లీ లేక మిగిలిన ఆ పిల్లవాడికి అప్పట్నుంచి హాస్టలే ఇల్లు, తోటి పిల్లలే చుట్టాలు అయ్యారు. తరువాత అలీగఢ్ కాలేజీలో చేరారు.

1920 అక్టోబరులో గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ప్రభుత్వ సాయంతో నడిచే కాలేజీలను వదిలి రమ్మని పిలుపు ఇచ్చారు. జాకిర్ హుస్సేన్ గారు ఆ పిలుపు విని బయటికి వచ్చినవారిలో ఒకరు. అలా వచ్చినవారి కోసం అదే నెల 29న జామియా మిల్లియా ఇస్లామియా పుట్టింది. గుడారాల్లోనూ అద్దె ఇళ్లలోనూ నడిచిన జాతీయ విద్యాలయం అది. రెండేళ్లు అక్కడ పాఠాలు చెప్పి, 1922లో ఆయన డాక్టరేటు కోసం జర్మనీ వెళ్లారు. అప్పటికి పెళ్లయి ఏడేళ్లు. భార్య ఊళ్లోనే ఉన్నారు.

బెర్లిన్ అప్పుడు ఓడిపోయిన దేశపు రాజధాని. 1923 నవంబరు నాటికి ఒక్క అమెరికా డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వవలసిన స్థితి. రొట్టె కొనడానికి జనం సంచుల్లో నోట్లు మోసుకెళ్లేవారు. చేతిలో నాలుగు పౌన్లు ఉన్న పరదేశి విద్యార్థికి ఆ రోజుల్లో అక్కడ బ్రతకడం ఇంగ్లండులో కన్నా తేలిక. పైగా అది బ్రిటిషువాళ్ల నేల కాదు కనుక మన దేశపు యువకులు అక్కడ తలెత్తుకుని మాట్లాడుకోగలిగేవారు. సరోజినీదేవి తమ్ముడు, హైదరాబాదులోనే పుట్టిన వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ వంటి స్వాతంత్ర్యవాదులు ఆ నగరాన్నే నివాసం చేసుకున్నారు. 1922లోనే ఢిల్లీవాడైన అబ్దుల్ జబ్బార్ ఖైరీ అక్కడి తాతారులూ తురుష్కులూ అరబ్బులూ ఇరానీలూ హిందుస్తానీలూ కలిసే విధంగా బెర్లిన్ ఇస్లామీ సమాజాన్ని ఏర్పరిచారు.

ఆ నగరంలో జాకిర్ హుస్సేన్ గారికి ఇద్దరు తోడు దొరికారు. ఒకరు ఆబిద్ హుస్సేన్, విద్యాశాస్త్రంలో డాక్టరేటు చేస్తున్నవారు. రెండోవారు ముహమ్మద్ ముజీబ్, ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి, అచ్చుపని నేర్చుకోవడానికి బెర్లిన్ వచ్చినవారు. స్వభావాలు వేరు, చదువులు వేరు. కాని సాయంత్రాలు కలిసి కూర్చుంటే మాట చివరికి ఒకచోటికే చేరేది. మన దేశంలో పిల్లలకు ఎలాంటి బడి కావాలి అన్నదే ఆ మాట.

అంతా మాటలతో సరిపెట్టలేదు. బెర్లిన్‌లో ఇరానీలు నడిపిన కావియానీ ప్రెస్ అనే ముద్రణాలయం ఉండేది. 1925లో జాకిర్ హుస్సేన్ గారు మీర్జా గాలిబ్ దీవాన్‌ను చిన్న అందమైన పుస్తకంగా అక్కడ అచ్చు వేయించారు. డాక్టరేటు చేస్తున్న మనిషి కంపోజింగు బల్ల దగ్గర తానే కూర్చుని అక్షరాలు పేర్చారు. అంతకు ముందటి ఏడు, అంటే 1924లో, ఒక జర్మన్ మిత్రుడితో కలిసి గాంధీజీ సందేశం గురించి జర్మన్ భాషలో పుస్తకం తెచ్చారు. ఇంటి మీద బెంగ అందరికీ ఉంటుంది. ఆ బెంగను కన్నీళ్లుగా పోనివ్వకుండా అచ్చు అక్షరాలుగా మార్చుకోవడం వీళ్ల ప్రత్యేకత.

వీళ్ల స్నేహబృందంలోకి గెర్డా ఫిలిప్స్‌బోర్న్ అనే యూదు యువతి కూడా వచ్చింది. పరాయి దేశపు కుర్రాళ్లకు ఆమె ఆ నగరాన్ని పరిచయం చేసింది, మనుషులను పరిచయం చేసింది. వాళ్ల నోట జామియా పేరు విని విని, చూడని ఆ బడి మీద మమకారం పెంచుకుంది. ఆ మమకారం ఎంతదాకా పోయిందో ముందు చెబుతాం.

తంతి వెళ్లింది, మనుషులు వచ్చారు

ఇక్కడ దేశంలో జామియా పరిస్థితి నానాటికీ దిగజారింది. 1924లో టర్కీలో ఖిలాఫత్ రద్దయ్యింది. దానితో ఇక్కడి ఖిలాఫత్ ఉద్యమం చల్లారి, ఆ ఉద్యమపు చందాలు ఆగిపోయాయి. 1925లో విద్యాలయాన్ని అలీగఢ్ నుంచి ఢిల్లీలోని కరోల్‌బాగ్‌కు మార్చారు. హకీం అజ్మల్ ఖాన్ గారు సొంత డబ్బు పోసి నడిపిస్తున్నా, మూసేద్దామన్న మాట పెద్దల్లోనే వచ్చింది. ఆ సంగతి తెలిసి బెర్లిన్ నుంచి జాకిర్ హుస్సేన్ గారు కబురు పెట్టారు. మేము కొందరం మా జీవితాలు జామియాకు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం, మేము వచ్చేదాకా మూయవద్దు అని దాని సారాంశం.

1926లో ముగ్గురూ వచ్చారు. బ్రిటిషిండియా వ్యవసాయ వ్యవస్థ మీద థీసిస్ రాసి బెర్లిన్ డాక్టరేటు పుచ్చుకున్న జాకిర్ హుస్సేన్ గారు 29 ఏళ్లకు జామియా వైస్‌చాన్స్‌లర్ అయ్యారు. 1927 చివర్లో హకీం గారు కాలం చేశారు. చేతిలో పైసా లేదు. అప్పుడు, 1928లో, ఉపాధ్యాయులు ఒక సంఘంగా ఏర్పడి ప్రతిజ్ఞ చేశారు. 20 ఏళ్లు జామియాలోనే పనిచేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి జీతం తీసుకోం అని. ఆ 150 కూడా కాగితం మీది మాటే. చాలా నెలలు అంతకన్నా ఎంతో తక్కువతో సరిపెట్టుకున్నారు, అదైనా సమయానికి అందేది కాదు. ఐరోపా డాక్టరేట్లు చేతిలో ఉన్నవాళ్లకు సర్కారు కాలేజీల్లో ఎంత జీతం వచ్చేదో వేరే చెప్పనక్కరలేదు.

1935 మార్చి 1న ఓఖ్లాలో సొంత భవనానికి పునాదిరాయి వేశారు. ఆ రాయి వేసింది నవాబూ కాదు, నాయకుడూ కాదు. బడిలో అందరికన్నా చిన్న విద్యార్థి చేత వేయించారు. జాకిర్ హుస్సేన్ గారు 1948 దాకా ఆ పదవిలో ఉండి, తరువాత అలీగఢ్ విశ్వవిద్యాలయాన్ని కష్టకాలంలో నడిపి, బీహారు గవర్నరుగా, ఉపరాష్ట్రపతిగా చేసి, 1967లో భారత రాష్ట్రపతి అయ్యారు. 1969 మే 3న కాలం చేస్తే జామియా ఆవరణలోనే ఖననం చేశారు. ఆయన తరువాత జామియా బాధ్యత మోసిన ముజీబ్ గారు 1948 నుంచి 1973 దాకా వైస్‌చాన్స్‌లరుగా ఉన్నారు. బెర్లిన్ గదిలో పుట్టిన స్నేహం యాభై ఏళ్ల దాకా ఒక సంస్థకు ఊపిరి అయ్యింది. 1988లో అది కేంద్ర విశ్వవిద్యాలయం హోదా పొందింది.

గెర్డా గారి సంగతి చెబుతామన్నాం. జర్మనీలో హిట్లర్ అధికారంలోకి వచ్చే రోజుల్లో ఆమె బయలుదేరి జామియాకు వచ్చేశారు. ఒకప్పుడు పరాయి ఊళ్లో ఈ కుర్రాళ్లకు ఆప్తురాలైన ఆమెకు ఇప్పుడు వీళ్ల ఊరు ఆశ్రయం అయ్యింది. చిన్నపిల్లల తరగతుల్లో, హాస్టల్లో పనిచేశారు. పిల్లలు ఆమెను ఆపాజాన్ అని పిలిచేవారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక జర్మన్ జాతీయురాలని బ్రిటిషు ప్రభుత్వం ఆమెను కొంతకాలం నిర్బంధంలో పెట్టింది. 1943లో జబ్బుతో కన్నుమూశారు. జామియా ఖబరస్తానులోనే ఆమె సమాధి ఉంది. పరదేశంలో విద్యార్థికి దొరికిన బంధుత్వం ఒకవైపు నడిచే బాట కాదని ఇంతకన్నా ఎవరు చెప్పగలరు?

తిరిగిరాని పెద్దమనిషి

చదువయ్యాక తిరిగి వస్తేనే లెక్కా అని కొందరు అడగవచ్చు. దానికి డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా గారి జీవితం జవాబు. ఈయన 1908లో హైదరాబాదులో పుట్టి, 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. అక్కడ్నుంచి జర్మనీలోని బాన్ వెళ్లి 1933లో డాక్టరేటు, తరువాత పారిస్ సోర్బాన్‌లో మరో డాక్టరేటు సంపాదించి, తిరిగి వచ్చి ఉస్మానియాలోనే పాఠాలు చెప్పారు. 1948 నాటి పరిణామాల వేళ పరదేశంలో ఉన్న ఆయన పారిస్‌లోనే ఉండిపోయారు. పెళ్లి చేసుకోలేదు. చిన్న ఇంట్లో పుస్తకాల మధ్య అతి నిరాడంబరంగా దశాబ్దాలు గడిపారు.

ఫ్రెంచి భాషలో ఆయన చేసిన ఖురాన్ అనువాదం 1959లో వెలువడింది. మా ఈ వ్యాసానికి మరింత దగ్గరైన సంగతి వేరే ఉంది. ఉత్తర ఆఫ్రికా నుంచీ ఇతర దేశాల నుంచీ ఫ్రాన్సుకు చదువుకు వచ్చే ముస్లిం కుర్రాళ్లను చూసి, 1963లో వాళ్లకోసం ఒక విద్యార్థి సంఘం స్థాపించారు. ఆ కుర్రాళ్లు మాట్లాడేది ఉర్దూ కాదు, వాళ్లు తినేది మన బిర్యానీ కాదు. అయినా పాతికేళ్ల వయసులో తాను ఒంటరిగా దిగిన దేశంలో మరొకడు ఒంటరిగా దిగకూడదని ఆయన ఆరాటం. 2002 డిసెంబరు 17న అమెరికాలో చనిపోయారు. సొంత ఊరికి తిరిగి రాలేకపోయినా, ఊరు నేర్పిన ఆదరణను వందలమందికి పంచిన మనిషిని మనవాడు కాడని ఎవరనగలరు?

అదే 1963 జనవరిలో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో అనేక దేశాల ముస్లిం విద్యార్థులు కూడి ముస్లిం స్టూడెంట్స్ అసోసియేషన్ స్థాపించారు. రెండేళ్లకు, 1965లో, అమెరికా వలస చట్టం మారి ఆసియా వాళ్లకు దారి సుళువయ్యింది. మన హైదరాబాదీ కుటుంబాలు షికాగో వంటి నగరాల్లో స్థిరపడటం ఆ తరువాతి కథే. ముందు వెళ్లిన విద్యార్థి అద్దె గది తరువాత వచ్చేవారికి మజిలీ అయ్యింది. కొంతకాలానికి అక్కడే మసీదులూ బడులూ దుకాణాలూ వెలిశాయి.

మనం తీసుకోవలసినది

ఈ చరిత్రంతా కలిపి చూస్తే మాకు తోచినవి రెండు మూడు మాటలు.

ఒకటి, జమాతు అనేది వెళ్లిన చోట తయారుగా దొరికే వస్తువు కాదు. ఎవరో ఒకరు మొదట తలుపు తీస్తే తయారయ్యేది. అలీగఢ్‌లో అది తోటి విద్యార్థులు తీశారు, పారిస్‌లో ఒక వృద్ధ పండితుడు తీశాడు.

రెండు, ఆ తలుపు మనవాళ్లకు మాత్రమే తెరిస్తే అది త్వరలోనే గోడ అయిపోతుంది. బెర్లిన్ మిత్రులు తమలో తామే ఉర్దూ మాట్లాడుకుంటూ కూర్చుని ఉంటే, ఇరానీల అచ్చాఫీసు తెలిసేది కాదు, జర్మన్‌లో గాంధీజీ పుస్తకం వచ్చేది కాదు, ఆపాజాన్ వచ్చేదే కాదు. పిల్లవాడు పరాయివాళ్లతో కలిస్తే మారిపోతాడని భయపడే తల్లిదండ్రులు ఈ ముక్క మరీ గుర్తుంచుకోవాలి.

మూడు, దూరదేశపు స్నేహానికి ఒక పని కావాలి. పని లేని స్నేహం పట్టాతో పాటే చెల్లిపోతుంది.

ఇప్పుడు రోజూ ఫోనులో మొహాలు చూసుకునే కాలం వచ్చింది. తల్లి తెర మీద కనిపిస్తుంది గాని జ్వరం వచ్చిన బిడ్డకు గంజి కాచి ఇవ్వలేదు కదా. అందుచేత ఇలాంటి సంక్షేమ సంఘాలు స్కాలర్‌షిప్పు చెక్కు ఇచ్చి చేతులు దులుపుకుంటే చాలదు. మన ఊరి పిల్లలు ఇంతవరకు ఏ ఏ నగరాలకు, ఏ ఏ దేశాలకు చదువుకు వెళ్లారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవాలి. కొత్తగా బయలుదేరే ప్రతి బిడ్డ చేతిలో, అబ్బాయయినా అమ్మాయయినా, అక్కడి ఒక మనిషి పేరూ చిరునామా పెట్టి పంపాలి. అక్కడున్న మనిషికి ముందుగా కబురు చెయ్యాలి. మొదటి పది రోజులు తల దాచుకునే చోటు, మొదటి పండగకు ఒక పళ్లెం భోజనం ఉంటే మిగతాది పిల్లలు తామే చూసుకుంటారు. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక నోటుబుక్కూ, ఓపికగల ఒక కార్యదర్శీ చాలు.

వెళ్లే పిల్లలకు కూడా ఒక మాట. మీకు అక్కడ తలుపు తీసినవారికి మీరు తిరిగి ఏమీ ఇవ్వనక్కరలేదు. వాళ్లు అడగరు. వచ్చే ఏడు అదే స్టేషనులో, అదే విమానాశ్రయంలో బిక్కమొహం వేసుకుని దిగే మరొక బిడ్డకు, ఏ ఊరివాడైనా, ఏ మతంవాడైనా, ఎదురు వెళ్లండి. అప్పు తీరే దారి అదొక్కటే.